గంట నిండేదాకా

గంటలక్క అన్న పేరు పెట్టింది నేనే. పెట్టినప్పుడు వెక్కిరింపుగానే పెట్టాను. మనిషిని పలకరిస్తే చాలు, ఈ వారం నీకెన్ని గంటలొచ్చాయి, వచ్చే వారం ఎన్నిస్తారట అని మొదలుపెట్టేది. వాన గురించి మాట్లాడినా, కాళ్ళ నొప్పుల గురించి మాట్లాడినా చివరికి గంటల దగ్గరికే వచ్చి ఆగేది. నాకు మొదట్లో ఒళ్ళు మండేది. పోను పోను ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, సొంత పేరుతో పిలిస్తే ఆవిడ తిరిగి చూడటమే మానేసింది.

మాది లాండ్రీ. ఇళ్ళలో గుడ్డలు కావు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు మూటలు మూటలుగా లారీల్లో వస్తాయి. వెనక షెడ్డులో ఉతుకుతారు, ముందు హాల్లో ఇస్త్రీ చేస్తారు. ఇస్త్రీ అంటే పెట్టె పట్టుకుని రుద్దడం కాదు. మంచం పొడుగు రోలరు, దాని కడుపులో ఆవిరి. తడి దుప్పటి అటు పెడితే పొడిగా, పొగలు కక్కుతూ ఇటు వస్తుంది. ఇటువైపు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చెరో కొసా అందుకోవాలి. వెనక్కి నడవాలి, బిగించి ఒక్క దులుపు దులపాలి, నిలువునా మడవాలి, మళ్ళీ ఎదురెదురుగా నడిచి ఒకరి కొసలు ఇంకొకరి చేతిలో పెట్టాలి. రోజంతా ఇదే నడక. గంటలక్కదీ నాదీ జోడీ.

రోలరు చప్పుడులో దూరం నుంచి అరిచినా వినపడదు. అందుకని మా కబుర్లన్నీ కొసలు కలిసే చోటే జరిగేవి. ఒక్కో దుప్పటికి ఒక్కో మాట. "మా ఆయన రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు" అని నా చేతిలో కొసలు పెట్టి వెళ్ళిపోయేది. తర్వాతి దుప్పటితో వచ్చి, "తెల్లారగట్ల కాస్త కునుకు పట్టింది" అనేది. ఒక సంసారం మొత్తం నాకు అలా ముక్కలు ముక్కలుగా తెలిసింది. దిండు గలీబులు వచ్చిన రోజున మాత్రం ఎవరి బల్ల దగ్గర వాళ్ళం ఒంటరిగా మడవాలి. ఆ రోజు ఎంతకీ పొద్దుపోయేది కాదు.

దుప్పటి కొస నేలకి తగలకూడదన్నది అక్కడి చట్టం. తగిలిందంటే అది మళ్ళీ ఉతుక్కి పోవాల్సిందే, సూపర్‌వైజరు చేత నాలుగు మాటలు పడాల్సిందే. నా చేతిలోంచి ఎన్నిసార్లు జారిందో నాకే గుర్తులేదు. గంటలక్క చేతిలోంచి జారడం మాత్రం నేను చూడలేదు. ఆవిడ వేళ్ళు సన్నగా, పొడుగ్గా ఉండేవి. మందునీళ్ళకి పగిలి, చివర్ల తోలు లేచిపోయి ఉండేవి. అయినా పట్టిందంటే ఉడుంపట్టే.

ఈ పనిని తిట్టడానికి బోలెడంత ఉంది. కానీ దాని ఉప్పు తిన్నదాన్ని, మంచి కూడా చెప్పాలి. ఇక్కడ చదువు అడగరు. వయసు అడగరు. ఎవరి కూతురివి, ఎవరి పెళ్ళానివి అని ఆరా తీయరు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే మధ్యాహ్నానికి పనిలో ఉంటావు. గుమ్మం దాటావా, పని నీ వెంట ఇంటికి రాదు. ఇంటి గొడవ కూడా, రోలరు తిరుగుతున్నంతసేపూ నీ జోలికి రాదు. చలికాలంలో ఊరంతా వణుకుతుంటే మేం మాత్రం వెచ్చగా ఉండేవాళ్ళం. అన్నిటికన్నా ముఖ్యం, వారం చివర చేతిలో పడే డబ్బు నీది. గంటలక్క తన మొదటి వారం జీతంతో మొగుడికి కొత్త దిండు కొంది. రోజంతా ఊళ్ళోవాళ్ళ దిండ్లు సర్దుతూ ఇంట్లో మనిషిని చింకి దిండు మీద పడుకోబెట్టనా అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో గర్వం చూశాను. అలాంటి గర్వం నాకూ మొదటి వారం వచ్చింది, అందుకే గుర్తుపట్టాను.

ఇక రెండోవైపు చూడండి. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, మా దగ్గర గంట కొద్దీ కూలి. హాలు గుమ్మంలో ఒక మిషన్ ఉండేది. లోపలికి వచ్చేటప్పుడు బొటనవేలు పెట్టాలి, బయటికి పోయేటప్పుడు పెట్టాలి. అది నిండిన గంటల్నే లెక్కేస్తుంది. నిండని గంట దానికి గంటే కాదు. గంటగంటకీ కూసే సైరన్ ఇంకో నాలుగు నిమిషాల్లో కూస్తుందనగా కడుపునొప్పి వచ్చి బయటికి వెళ్ళావనుకో, అంతసేపు నువ్వు పడ్డ చాకిరీ గాలికి పోయినట్టే. లారీ రాకపోతే గేటు బయట గట్టు మీద కూర్చోబెడతారు. ఆ కూర్చోవడానికి కూలి లేదు, లేచి ఇంటికి పోవడానికి ధైర్యం లేదు. వచ్చే వారం పని ఉంటుందో లేదో ఆదివారం దాకా తెలీదు. సూపర్‌వైజర్ని అడిగితే, "నా చేతిలో ఏముందమ్మా, మిషన్ ఎంత చూపిస్తే అంత" అనేవాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆయన మీద ఇంకో ఆయన, ఆ పైన ఇంకో ఆయన. ఈ చట్టం రాసిన మహానుభావుడు ఎవరో మాలో ఎవ్వరమూ కళ్ళతో చూడలేదు. చూసి ఉంటే నేను నాలుగు అడిగేదాన్ని.

గంటలక్కకి పిల్లల్లేరు. "నాకాయన, ఆయనకి నేను, మా ఇద్దరికీ మా ఇంటి ఓనరు" అనేది. అక్క మొగుడు కాబట్టి నేను ఆయన్ని బావ అనేదాన్ని. బావ రంగుల మేస్త్రీ. మొదట ఇళ్ళ గోడలకి, తర్వాత కార్ఖానాల్లో ఇనప సామానుకి తుంపర మిషన్‌తో రంగు కొట్టేవాడు. మూతికి గుడ్డ కట్టుకోమని అక్క పోరితే, కట్టుకుంటే నా మీసం ఎవరు చూస్తారు అనేవాడట. ఆ రంగంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నేనెరిగేనాటికి ఆయన మంచం పట్టి ఉన్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నోటికి మాత్రం ఏ రోగమూ రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా, "రా మరదలా, మా ఆవిడ దుప్పట్లతో సంసారం చేస్తోంది, నువ్వయినా చెప్పు" అనేవాడు. అంత మాట పూర్తిచేయడానికి రెండుసార్లు ఊపిరి అందుకునేవాడు.

పెద్దాస్పత్రి డాక్టరు ఆయన్ని చూసి వైద్యం ఉందన్నాడు. పూర్తిగా నయం కాకపోయినా కొన్నేళ్ళు లాగొచ్చన్నాడు. దానికయ్యే ఖర్చు విని అక్క నోరు పెగల్లేదు. మా లాండ్రీలో పర్మనెంటు అయినవాళ్ళకి ఇంటిల్లిపాదికీ వైద్యం కార్డు ఇస్తారు. పర్మనెంటు కావాలంటే ఆరు నెలలు వరసగా, నెలకిన్ని అని పెట్టిన గంటల్లో ఒక్కటీ తగ్గకుండా చేయాలి. ఒక్క నెల ఒక్క గంట తగ్గినా మళ్ళీ ఒకటో నెల నుంచి మొదలు. గంటలక్క గంటల పిచ్చి అదీ.

పర్మనెంటువాళ్ళకి నీలం ఏప్రాన్ ఇచ్చేవాళ్ళు. మాది తెలుపు, దానికి జేబు ఉండదు. జేబుంటే హోటలు దుప్పట్లలో దొరికిన చెవిపోగో, చిల్లరో అందులోకి పోతుందని భయం కాబోలు. నీలం దానికి జేబుండేది, అందులో ఫోన్ పెట్టుకోనిచ్చేవాళ్ళు. మా ఫోన్లు గేటు దగ్గర చెక్క అరల్లో పెట్టి లోపలికి రావాలి. ఆ అరలకి కాపలా గేటు తాత. ముసలివాడు, ఒంటికి రెండింతల యూనిఫాం, మంచి జ్ఞాపకశక్తి. మా ఫోన్ మోగితే ఆయనే ఎత్తి కబురు విని, హాలు గుమ్మం దాకా వచ్చి చెప్పిపోయేవాడు.

అలా ఒకరోజు తాత పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇంటినుంచి ఫోను, మీ ఆయన వెంటనే మాట్లాడాలంటున్నాడు అన్నాడు. అక్క కొసలు నా మెడ మీద పడేసి, మిషన్‌లో వేలు పెట్టి పరుగు తీసింది. తిరిగొచ్చేసరికి సైరన్ కూసింది. అంటే ఆ గంట పోయింది. ఏమైంది అని నేను కంగారుగా అడిగితే నవ్వలేక ఏడవలేక నిలబడింది. పుక్కిలించడానికి ఉప్పు కావాలట, ఉప్పు డబ్బా కనపడటం లేదట. ఆ డబ్బా ఆయన మంచం పక్క కిటికీలోనే ఉంటుంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆ రోజు బావని నేను తిట్టిన తిట్లు దుప్పటి దుప్పటికీ సాగాయి. అక్క మాత్రం, "ఒక్కడే ఉంటాడే పిల్లా, పొద్దుపోదు" అంది.

మర్నాడు గేటు దగ్గర అక్క తాతని ఆపింది. నేను పక్కనే ఉన్నాను.

"తాతా, ఇంటినుంచి ఫోనొస్తే గంట నిండేదాకా నాకు చెప్పకు. సైరన్ కూశాకే చెప్పు."

తాత నసిగాడు. "ఆలస్యం అమృతం విషం అంటారు కదమ్మా."

"మా దగ్గర తొందరే విషం తాతా. ఇల్లు తగలబడుతోందన్నా సరే, గంట నిండాకే చెప్పు. ఒట్టెయ్యి."

తాత నవ్వి ఒట్టేశాడు. అక్కని చూసి మిగతా ఆడవాళ్ళూ అదే చెప్పారు. నెల తిరిగేసరికి అది మా హాలు ఆచారమైపోయింది. కబురు వస్తే తాత గుమ్మంలోకి వచ్చి, ఎవరికొచ్చిందో వాళ్ళ వైపు చూసి, గోడ మీది గడియారం వైపు వేలు చూపించేవాడు. నీకో కబురుంది, గంట నిండాక రా అని అర్థం. సైరన్ కూయగానే గేటు దగ్గర నిలబడి అప్పజెప్పేవాడు: నీ కూతురికి పన్ను ఊడింది, మీ ఇంట్లో కుళాయి విరిగింది, మీ అత్తగారు అలిగి మీ ఆడపడుచు ఇంటికి పోయింది. ఒక్కటి మర్చిపోడు, ఒకరిది ఇంకొకరికి చెప్పడు. తాతా, నువ్వు చావు కబురైనా చల్లగా చెప్పేట్టున్నావు అని నేను ఎగతాళి చేసేదాన్ని. అందరం నవ్వేవాళ్ళం, తాత కూడా.

అక్క మొదటిసారి ఐదో నెల దాకా వచ్చింది. అప్పుడు బావకి ఎక్కువై ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. పక్కన ఉండక తప్పలేదు. గంటలు తగ్గాయి. ఎవరికోసం గంటలు పోగేస్తోందో ఆ మనిషికోసమే అవి పోయాయి. సూపర్‌వైజర్ని బతిమాలింది, ఆయన మిషన్ వైపు చూపించాడు. నేనైతే ఆ మిషన్ మీద నీళ్ళ బకెట్టు కుమ్మరించేదాన్ని. అక్క మర్నాడు మళ్ళీ వచ్చి ఒకటో నెల మొదలుపెట్టింది. "ఎక్కడ పోగొట్టుకున్నామో అక్కడే వెతుక్కోవాలి" అంది, కొసలు నా చేతిలో పెడుతూ.

రెండోసారి ఆరో నెల ఆఖరి రోజు. ఆ నెలంతా లారీలు సరిగ్గా రాలేదు, అక్క దిండు గలీబులకి, తుడిచే పనికి, చివరికి మురికి మూటలు విప్పే పనికి కూడా చెయ్యెత్తి ఎలాగో లెక్క నెట్టుకొచ్చింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆగితే సరిగ్గా సరిపోతుంది, ఒక్క గంట కూడా వదులుకునే వీలు లేదు. ఈ సంగతి హాలంతా తెలుసు. వెనక షెడ్డులో మగవాళ్ళకీ తెలుసు. గేటు తాతకీ తెలుసు.

పొద్దున మొదటి దుప్పటికే అక్క అంది, ఆయన మొహం ఈవేళ బాగోలేదని. రెండో దుప్పటికి, ఉండిపోనా అని అడిగానంది. మూడో దుప్పటితో వచ్చినప్పుడు మాత్రం ఆమె కళ్ళు మెరిశాయి.

"'ఈ ఒక్కరోజూ వెళ్ళు, రేపట్నించి నువ్వు పెద్ద ఉద్యోగస్తురాలివి, నీ కార్డు పెట్టుకుని నేను నర్సుల మీద పెత్తనం చేస్తా' అన్నాడు."

మధ్యాహ్నం రోలరు బాగానే తిరిగింది. చివరి గంట మొదలైంది. ఆస్పత్రి దుప్పట్లు, పలచటివి, చకచకా మడుస్తున్నాం. ఆవిరి మధ్యలోంచి చూస్తే గుమ్మంలో తాత నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు. అక్క కూడా చూసింది. ఏంటన్నట్టు తలెగరేసింది. తాత కాసేపు కదల్లేదు. తర్వాత ఎప్పటిలాగే గడియారం వైపు వేలు చూపించాడు. అక్క నవ్వి తలూపింది.

కొసలు కలిసినప్పుడు, "మా ఆయనే. ఉప్పు డబ్బా" అంది.

తర్వాతి దుప్పటికి, "ఈసారి దానికి తాడు కట్టి ఆయన మెళ్ళో వేసేస్తాను" అంది.

ఆ తర్వాత కార్డు గురించి, ఆస్పత్రికి ఏ రోజు వెళ్ళాలి, ఏ చీర కట్టుకోవాలి, నన్ను తోడు రమ్మని. ఒక్కో దుప్పటికి ఒక్కో మాట. నేను అక్కని అంత హుషారుగా ఎప్పుడూ చూడలేదు. తాత గుమ్మంలోంచి పోలేదు. మామూలుగా వేలు చూపించి వెళ్ళిపోతాడు, ఆ రోజు అక్కడే గోడకి ఆనుకుని గడియారాన్ని చూస్తూ నిలబడ్డాడు.

సైరన్ కూసింది. అక్క వేలు పెట్టి, మిషన్ ఆకుపచ్చ దీపం వెలిగించేదాకా ఆగి, "అయిపోయింది పిల్లా" అంది. నవ్వుతూనే తాత దగ్గరికి వెళ్ళింది. ఏమన్నాడు తాతా మా ఆయన అని అడిగింది.

తాత గేటు వైపు చెయ్యి చూపించాడు. "పక్కింటి టైలరమ్మ ఫోన్ చేసింది తల్లీ. ఊపిరి అందడం లేదట. నిన్ను పిలుస్తున్నాడట. నువ్వెళ్ళు."

అక్క ఫోను కూడా తీసుకోకుండా పరుగెత్తింది. నేను వెనకాల పరుగెత్తాను. రెండు వీధులు, ఒక వంతెన, మళ్ళీ ఒక వీధి, మేడ మెట్లు. తెల్ల ఏప్రాన్లతో మేమిద్దరం పరుగెడుతుంటే దారిలో జనం ఒదిగి దారిచ్చారు. ఆస్పత్రివాళ్ళనుకున్నారో ఏమో.

మెట్ల పైన టైలరమ్మ నిలబడి ఉంది. మెళ్ళో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఆమె మొహం చూడగానే నాకు అర్థమైంది. అక్క ఆమెని దాటుకుని లోపలికి వెళ్ళింది. బావ కొత్త దిండు మీద తల పక్కకి వాల్చి ఉన్నాడు. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. పిలిచిన ఆస్పత్రి బండి అప్పుడు వచ్చి వీధి మొదట్లో హారన్ కొడుతోంది.

టైలరమ్మ గుమ్మం దగ్గర ఏడుస్తూ చెప్పింది, మొదట అక్కని పిలిచాడట, కబురు పంపానని చెప్పాక ఇంక పిలవలేదట. "టైమెంతైంది, టైమెంతైంది అని అడుగుతూనే ఉన్నాడమ్మా. ఎందుకడుగుతున్నాడో నాకు తెలీలేదు."

అక్కకి తెలుసు. నాకూ తెలుసు. మా హాలు ఆచారం బావకి కూడా తెలుసు. ఫోన్ చేసిన ప్రతిసారీ సైరన్ దాకా ఎదురుచూడటం ఆయనకి అలవాటే. ఆ రోజూ అలాగే గంట నిండేదాకా ఎదురుచూశాడు. నిండేదాకా ఉండలేకపోయాడు. కిటికీలో ఉప్పు డబ్బా ఎప్పటి చోటే ఉంది. నాకు దాన్ని తీసి నేలకేసి కొట్టాలనిపించింది.

బండిలో వచ్చిన డాక్టరు కుర్రవాడే. ముందొచ్చినా చేయగలిగిందేమీ ఉండేది కాదమ్మా అని అక్కతో మెల్లగా చెప్పాడు. ఓదార్పుగానే అన్నాడు. నిజమే, చేసేదేమీ ఉండకపోవచ్చు. చెయ్యి పట్టుకుని కూర్చునేది కదా. దానికి డాక్టరు చదువు అక్కర్లేదు.

అంతా అయిపోయాక తాత అక్కవాళ్ళింటికి వచ్చాడు. యూనిఫాం లేకుండా ఆయన్ని చూడటం అదే మొదలు, ఇంకా చిన్నగా కనపడ్డాడు. గుమ్మం బయటే కూర్చున్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఆ రోజుకి నాకు ఎవరిమీదో ఒకరిమీద కోపం కావాలి, ఆయన దొరికాడు. తాత నాతోనే మాట్లాడాడు, అక్క వైపు చూడలేక. కబురు వినగానే లేచి వచ్చాడట. గుమ్మంలోకి వచ్చేసరికి గడియారం కనపడిందట. ఇప్పుడు పిలిస్తే ఆరు నెలలూ బూడిదలో పోసిన పన్నీరే, మళ్ళీ కార్డు రాదు, ఆ మనిషికి వైద్యం లేదు. ఇంతకుముందు ఆయాసం వచ్చి తగ్గిన రోజులు ఎన్ని లేవు, కాసేపే కదా అనుకున్నాడట.

అక్క లోపలినుంచి లేచి వచ్చింది. తాత తలెత్తలేదు.

"ఇల్లు తగలబడినా చెప్పొద్దన్నావు తల్లీ. ఒట్టేయించుకున్నావు."

"అన్నాను తాతా. నేనే అన్నాను" అంది అక్క. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే తాత బతికిపోయేవాడు. నాకు ఆయన మీద కోపం ఆ నీళ్ళ గ్లాసుతో చల్లారింది. చల్లారాక ఇంకెవరిమీద పెట్టుకోవాలో తెలియలేదు. చావు కబురు చల్లగా అన్న ఎగతాళి నేను మళ్ళీ నోటితో అనలేదు.

అక్క ఎక్కువ రోజులు ఇంట్లో ఉండలేదు. ఇంటి ఓనరు ఉన్నాడు కదా. వచ్చిన రోజున సూపర్‌వైజరు ఆఫీసు గదిలోకి పిలిచాడు. నన్ను తోడు రమ్మంటే వెళ్ళాను. నెల గంటలు సరిపోయాయి, పర్మనెంటు అయ్యావమ్మా అన్నాడు. శుభవార్త చెప్పే గొంతు కాదు అది. నీలం ఏప్రాన్ బల్ల మీద పెట్టాడు. వైద్యం కార్డు తీసి, కలం పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. ఆయనకి అంతా తెలుసు. అయినా అడగాలి, అది ఆయన పని.

"ఇంట్లో ఎవరెవరి పేర్లు రాయమంటావమ్మా?"

"ఏమీ రాయకండి" అంది అక్క.

ఆ చివరి గంట మాత్రం మిషన్ చాలా చక్కగా లెక్కేసింది. అక్క ఆ గంట తీసేయమని అడిగిందని సూపర్‌వైజరు తర్వాత నాతో చెప్పాడు. కూలి వెనక్కిస్తాను, ఆ గంట నాకు వద్దు అందట. వేసిన గంటని తీసేయడం మిషన్‌కి రాదు. నిండని గంటని మింగడం దానికి వచ్చు, నిండినదాన్ని కక్కడం రాదు. సూపర్‌వైజరు ఈ మాట చెప్పి, తన మొహం తుడుచుకుని, వెళ్ళి పని చూసుకోమన్నాడు.

తాత మారిపోయాడు. ఇప్పుడు ఏ ఫోన్ మోగినా ఆగడు. కుళాయి విరిగినా, పన్ను ఊడినా, ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చి కేక పెడతాడు. ఆడవాళ్ళు బయటికి పోతారు, గంట పోగొట్టుకుంటారు, వచ్చి తాతని తిడతారు. ముసలాడికి మతిపోయిందంటారు. కొందరు ఇళ్ళలో ఫోన్లే చేయొద్దని చెప్పేశారు. తాత తిట్లన్నీ పడి, మళ్ళీ ఫోన్ మోగగానే లేచి పరుగెత్తుకొస్తాడు. తాతని తిట్టనిది గంటలక్క ఒక్కతే. ఆ పేరుతో పిలవడం నేను మానేశాను. అక్కా అంటున్నాను.

మా జోడీ అలాగే ఉంది. ఆవిడ నీలం, నేను తెలుపు. పర్మనెంటు కాబట్టి ఆవిడకి గట్టు మీద కూర్చునే అవస్థ లేదు, మధ్యలో బయటికెళ్ళినా గంట తెగదు. ఫోన్ ఏప్రాన్ జేబులో ఉంటుంది. కొసలు నా చేతిలో పెట్టాక ఒక్కోసారి జేబు మీద అరచెయ్యి వేసి చూసుకుంటుంది, ఉందో లేదో అన్నట్టు. మాటలు తగ్గిపోయాయి. దుప్పటి తర్వాత దుప్పటి, ఒక్క మాటా లేకుండా రోజు గడిచిపోతుంది. నేనే ఏదో ఒకటి వాగుతుంటాను. అమ్మాయ్, కొస చూసుకో, అంటుంది అక్క.

మొన్నొకరోజు హోటలు దుప్పట్లు మడుస్తున్నాం. పెద్దవి, బరువైనవి. ఇద్దరం వెనక్కి నడిచి, బిగించి, దులపబోతున్నాం. అక్క జేబులో ఫోన్ వెలిగి అదరడం నాకు కనపడింది.

నీలం ఏప్రాన్ వేసుకున్నాక అది మోగడం నేను చూడటం అదే మొదటిసారి. అక్క రెండు చేతులూ ఒక్కసారే వదిలేసింది. దుప్పటి నేల మీద పడింది. నా కొసలు నా చేతిలోనే ఉన్నాయి. ఆవిడ తడబడుతూ ఫోన్ తీసింది. గడియారం వైపు చూసింది, తర్వాత ఫోన్ వైపు, చెవికి ఆనించుకుంది.

రోలరు చప్పుడులో నాకేం వినపడలేదు. పెదాలు కదలడం చూశాను. "చెప్పండి" అంది. కాసేపు వింది. మళ్ళీ "చెప్పండి, వింటున్నాను" అంది. నేను దుప్పటి ఈడ్చుకుంటూ దగ్గరికి వెళ్ళాను. అప్పుడు వినపడింది, ఏదో కంపెనీవాళ్ళ రికార్డింగు గొంతు. ఏదో కొనమంటోంది, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది. నేను పెట్టెయ్యక్కా అన్నాను. ఆవిడ నన్ను ఆగమన్నట్టు చెయ్యెత్తింది. అది ఆఖరి దాకా చెప్పి, తనంతట తనే ఆగిపోయేదాకా వింది.

తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుంది. వంగి, నేల మీది దుప్పటిని రెండు చేతులా పోగుచేసుకుంది.

"ఇది మళ్ళీ ఉతుక్కి వేయాలి" అని, మూట గుండెలకి హత్తుకుని వెనక షెడ్డు వైపు నడిచింది.